తీవ్రమైన కరోనా శ్వాసకోశ ఇన్ఫెక్షన్‌లో మరణ ముప్పును అంచనా వేయడం ఎలా

కోవిడ్ న్యుమోనియాతో చేరిన రోగిని చూసి ఎంతో అనుభవమున్న వైద్యుడు కూడా ఒక్కోసారి పొరబడతాడు. నిమిషానికి ముప్పైసార్లు ఊపిరి తీస్తున్నా తనకు ఆయాసమే లేదని చెబుతూ ఫోనులో మాట్లాడుకుంటున్న మనిషి రక్తంలో ఆక్సిజన్ స్థాయి అప్పటికే 80 శాతానికి పడిపోయి ఉండవచ్చు. పక్క మంచం మీద దగ్గుతో, జ్వరంతో సొమ్మసిల్లినట్టు కనిపించే మరో రోగి నాలుగు రోజుల్లో కోలుకుని ఇంటికి వెళ్లవచ్చు. పైకి కనిపించే బాధ తీరుకూ లోపలి ముప్పుకూ ఈ వ్యాధిలో పొంతన తక్కువ కాబట్టే, చూపును మాత్రమే నమ్ముకోకుండా కొలిచిన విలువలతో ముప్పును లెక్కగట్టే పద్ధతి అవసరమైంది. వార్డుల్లో పనిచేసే యువ వైద్యులు, నర్సులు, వైద్య విద్యార్థులు ఆ లెక్కను ఎలా కట్టాలో, కట్టాక వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలో వివరించడానికి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ప్రశ్నను స్థిరపరచుకోవాలి

"ఈ రోగికి ముప్పు ఎంత?" అనే ప్రశ్నకు అలా అడిగితే జవాబు ఉండదు. ఏ ముప్పు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అన్నవి ముందుగా తేలాలి. ఆస్పత్రిలో ఉండగా మరణించడం ఒక ఫలితం, చేరిన 28 రోజుల్లోపు మరణించడం ఇంకొకటి, వెంటిలేటర్ అవసరం కావడం పూర్తిగా వేరొకటి. వెంటిలేటర్ అవసరాన్ని అంచనా వేసే సూచికను తీసుకుని మరణాన్ని లెక్కిస్తే అంకె వస్తుంది కానీ అది మనం అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. అలాగే చేరిన రోజు విలువలతో తయారైన స్కోరులో పదో రోజు విలువలను పెట్టి లెక్కించడం కూడా తప్పే, ఎందుకంటే పదో రోజు వరకు ఆస్పత్రిలో మిగిలిన రోగుల గుంపు చేరిన రోజు నాటి గుంపు కాదు. తేలికగా ఉన్నవారు ఈలోగా ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

ఏ స్కోరుతో మొదలుపెట్టాలి

ఆస్పత్రిలో చేరిన పెద్దవారిలో మరణ ముప్పును అంచనా వేయడానికి నేను ముందుగా సూచించేది 4సీ మోర్టాలిటీ స్కోరు. బ్రిటన్‌లోని ఇసారిక్ పరిశోధకుల బృందం దీన్ని 2020 సెప్టెంబరులో ప్రచురించింది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలోని 260 ఆస్పత్రుల్లో ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి మే వరకు చేరిన 35,463 మంది రోగుల వివరాలతో దాన్ని తయారుచేసి, ఆ తరువాత జూన్ నెలాఖరు వరకు చేరిన మరో 22,361 మందిపై పరీక్షించారు. రోగుల సంఖ్య పెద్దది, పరీక్షించిన గుంపు వేరు, అడిగే ఎనిమిది విలువలూ చేరిన కొన్ని గంటల్లోనే ఏ సాధారణ ఆస్పత్రిలోనైనా దొరికేవి. ఈ మూడు కారణాల వల్లే దానికి మిగిలినవాటికన్నా ఎక్కువ విలువ ఇస్తున్నాను.

పాయింట్లు ఇలా వేస్తారు. వయసు 50 లోపు ఉంటే సున్నా, 50 నుంచి 59 వరకు 2, 60 నుంచి 69 వరకు 4, 70 నుంచి 79 వరకు 6, 80 లేదా ఆపైన 7. పురుషులకు 1 కలపాలి. దీర్ఘకాలిక వ్యాధి ఒకటి ఉంటే 1, రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 2. నిమిషానికి శ్వాసలు 20 నుంచి 29 వరకు ఉంటే 1, 30 లేదా ఆపైన 2. బయటి గాలి పీలుస్తున్నప్పుడు ఆక్సిజన్ స్థాయి 92 శాతం కన్నా తక్కువ ఉంటే 2. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు మీద పూర్తి స్పృహకు వచ్చే 15 కన్నా ఒక్క పాయింటు తగ్గినా 2. రక్తంలో యూరియా లీటరుకు 7 నుంచి 14 మిల్లీమోల్స్ ఉంటే 1, 14 దాటితే 3. ఒంట్లో వాపు తీవ్రతను చూపే రక్త పరీక్ష సీఆర్‌పీ లీటరుకు 50 నుంచి 99 మిల్లీగ్రాములు ఉంటే 1, 100 లేదా ఆపైన 2. మొత్తం గరిష్ఠంగా 21 అవుతుంది.

మొత్తం 3 లేదా అంతకన్నా తక్కువ వస్తే తక్కువ ముప్పు. పరీక్షించిన గుంపులో అలాంటివారిలో దాదాపు 1.2 శాతం మంది ఆస్పత్రిలో మరణించారు. 4 నుంచి 8 వరకు మధ్యస్థం, 9.9 శాతం. 9 నుంచి 14 వరకు ఎక్కువ ముప్పు, 31.4 శాతం. 15, ఆపైన అతి ఎక్కువ ముప్పు, 61.5 శాతం.

విలువలను కొలవడంలోనే అసలు పని

కూడిక ఎవరైనా చేస్తారు. స్కోరు చెడిపోయేది కూడికకు ముందే, విలువలు కొలిచే దగ్గర.

శ్వాసల సంఖ్యనే తీసుకుందాం. కేస్ షీటులో వరుసగా పది మంది రోగులకు 20 అని రాసి ఉంటే అక్కడ ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. రోగికి చెప్పకుండా, నాడి చూస్తున్నట్టుగా చేయి పట్టుకుని, గుండె మీద చూపు నిలిపి నిండా ఒక నిమిషం పాటు లెక్కించాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస తేడా నాలుగు శ్వాసల తేడా అవుతుంది, 28 ఉన్న రోగి 32గానో 24గానో నమోదవుతాడు. మొత్తం పరీక్షలో ఖర్చు లేనిదీ, తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే.

ఆక్సిజన్ స్థాయిని బయటి గాలి పీలుస్తున్నప్పుడు కొలవాలని స్కోరు అడుగుతుంది. అంతమాత్రాన ఆక్సిజన్ మీద ఆయాసపడుతున్న మనిషి మాస్కును స్కోరు కోసం తీసేయకూడదు. ఆక్సిజన్ మొదలుపెట్టక ముందు అంబులెన్సులోనో, క్యాజువాలిటీలోనో నమోదైన విలువను వెతకాలి. అది దొరకకపోతే ఆ విషయాన్ని స్కోరు పక్కనే రాయాలి. పల్స్ ఆక్సీమీటరుకు ఉన్న పరిమితులు కూడా మరువకూడదు. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు, వణుకు విలువను మారుస్తాయి. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో ఈ పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశముంది. అమెరికాలో 2020 డిసెంబరులో ప్రచురితమైన ఒక పరిశీలనలో, పరికరం 92 నుంచి 96 శాతం చూపిస్తుండగా ధమని రక్త పరీక్షలో 88 శాతం కన్నా తక్కువ తేలిన సందర్భాలు నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం, శ్వేతజాతి రోగుల కొలతల్లో 3.6 శాతం ఉన్నాయి. కాబట్టి ముదురు ఛాయ రోగిలో పరికరం 93 చూపిస్తుండగా శ్వాసలు 32 ఉంటే ఆ 93ని నమ్మి ఊరుకోకుండా ధమని రక్త పరీక్ష చేయించాలి.

దీర్ఘకాలిక వ్యాధుల లెక్క దగ్గర చాలామంది తడబడతారు. మధుమేహం, గుండె జబ్బు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి, తీవ్రమైన మూత్రపిండాల వ్యాధి, కాలేయ వ్యాధి, క్యాన్సర్, మతిమరుపు వ్యాధి, నరాల వ్యాధులు, ఊబకాయం వంటివి ఈ స్కోరు జాబితాలో ఉన్నాయి. కేవలం రక్తపోటు మాత్రమే ఉంటే దాన్ని లెక్కించరు, ఆస్తమానూ లెక్కించరు. రక్తపోటు అంత సాధారణమైన వ్యాధి కాబట్టి దాన్ని కలపడమనే చిన్న పొరపాటు వార్డులో సగం మంది స్కోర్లను పెంచేస్తుంది.

ఇక ప్రమాణాలు. స్కోరు యూరియాను లీటరుకు మిల్లీమోల్స్‌లో అడుగుతుంది, ఎన్నో ల్యాబులు మాత్రం డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. బ్లడ్ యూరియా అని ఇచ్చిన మిల్లీగ్రాముల విలువను దాదాపు 6తో భాగిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. బ్లడ్ యూరియా నైట్రోజన్ అని ఇస్తే దాన్ని దాదాపు 2.8తో భాగించాలి. అంటే 7 మిల్లీమోల్స్ అన్నది యూరియాగా 42 మిల్లీగ్రాములకు, యూరియా నైట్రోజన్‌గా దాదాపు 20 మిల్లీగ్రాములకు సమానం. సీఆర్‌పీని కూడా కొన్ని ల్యాబులు డెసిలీటరుకు ఇస్తాయి, ఆ విలువను 10తో గుణించాలి. రిపోర్టులో అంకె పక్కనున్న చిన్న అక్షరాలను చదవకుండా అంకెను స్కోరులోకి ఎక్కించకూడదు.

ఒక ఉదాహరణ

67 ఏళ్ల పురుషుడు, మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. శ్వాసలు నిమిషానికి 26, బయటి గాలి మీద ఆక్సిజన్ 89 శాతం, పూర్తి స్పృహలో ఉన్నాడు. బ్లడ్ యూరియా డెసిలీటరుకు 48 మిల్లీగ్రాములు, సీఆర్‌పీ లీటరుకు 120 మిల్లీగ్రాములు అనుకుందాం. వయసుకు 4, పురుషుడైనందుకు 1, మధుమేహానికి 1, శ్వాసలకు 1, ఆక్సిజన్‌కు 2, స్పృహకు సున్నా. యూరియాను 6తో భాగిస్తే 8 మిల్లీమోల్స్ వచ్చింది కాబట్టి 1, సీఆర్‌పీకి 2. మొత్తం 12. ఎక్కువ ముప్పు వర్గం, నూటికి 31 మంది.

ఇదే రోగికి డ్యూటీలో అలసిపోయిన ఒక వైద్యుడు 48ని మిల్లీమోల్స్ అనుకుని 3 వేసి, రక్తపోటును కూడా వ్యాధుల్లో కలిపి 2 వేస్తే మొత్తం 15 అవుతుంది. రోగిలో ఏమీ మారలేదు. కానీ ఆయన నూటికి 31 మంది మరణించే వర్గం నుంచి నూటికి 61 మంది మరణించే వర్గంలోకి మారిపోయాడు, ఆ కాగితాన్ని చూసి కుటుంబంతో మాట్లాడేవారి గొంతు కూడా మారిపోతుంది. ఇందుకే కొలతల గురించి ఇంత సేపు చెప్పాల్సి వచ్చింది.

వచ్చిన అంకె ఏం చెబుతుంది

12 అనే స్కోరు ఆ రోగి చనిపోతాడని గాని బతుకుతాడని గాని చెప్పదు. చేరిన రోజు ఇలాంటి విలువలే ఉన్న వందమందిని తీసుకుంటే, 2020 మధ్యలో బ్రిటన్ ఆస్పత్రుల్లో అందిన వైద్యంతో, దాదాపు 31 మంది మరణించారని, 69 మంది బతికారని మాత్రమే చెబుతుంది. మన ఎదుట ఉన్న మనిషి ఆ 31లో ఉన్నాడా, 69లో ఉన్నాడా అన్నది స్కోరుకు తెలియదు.

అంచనా సాధనాల నాణ్యతను రెండు వేర్వేరు గుణాలతో చూస్తారు. మొదటిది వేరుచేసే శక్తి. మరణించినవారిలో ఒకరిని, బతికినవారిలో ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, మరణించినవారికే ఎక్కువ స్కోరు ఉండే అవకాశం ఎంత అన్నది ఇది చెబుతుంది. 4సీ స్కోరుకు పరీక్షించిన గుంపులో ఈ విలువ 0.77. నాణెం ఎగరేస్తే వచ్చే 0.5 కన్నా చాలా మెరుగు, తప్పు లేని 1 కన్నా చాలా దూరం. రెండోది అంకెల నిజాయితీ, అంటే 30 శాతం అని చెప్పిన గుంపులో నిజంగా 30 శాతం మందే మరణిస్తున్నారా అన్నది. మొదటి గుణం కాలం మారినా, ఊరు మారినా కొంతవరకు నిలబడుతుంది. రెండోది త్వరగా చెడిపోతుంది.

అది చెడిపోవడానికి కారణం మన వైద్యం బాగుపడటమే. స్కోరు తయారైన గుంపు మే 2020 వరకు చేరిన రోగులది. ఆ మరుసటి నెలలోనే బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే ఔషధ పరీక్ష డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ప్రయోజనాన్ని వెల్లడించింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో 26.2 నుంచి 23.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారిలో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. ఆ తరువాత టీకాలు వచ్చాయి, వైరస్ రూపాలు మారాయి, ఒకసారి సోకి కోలుకున్నవారి సంఖ్య పెరిగింది. కాబట్టి 2020 నాటి శాతాలను నేటి రోగికి యథాతథంగా చదివి వినిపించడం సరికాదు. రోగులను ముప్పు క్రమంలో అమర్చడానికి స్కోరును వాడుకోవచ్చు, ఖచ్చితమైన శాతం కావాలంటే మాత్రం మీ ఆస్పత్రి లెక్కతో సరిచూసుకోవాలి.

సరిచూసుకునే పద్ధతి కష్టమైనది కాదు. ఒక తేదీ నుంచి వరుసగా చేరిన రోగులందరినీ, ఎవరినీ వదలకుండా తీసుకోవాలి. ఒక్కొక్కరికి స్కోరు ప్రకారం వచ్చే మరణ సంభావ్యతను రాసి అన్నింటినీ కూడితే ఊహించిన మరణాల సంఖ్య వస్తుంది. దాన్ని నిజంగా జరిగిన మరణాలతో పోల్చాలి. ఊహించినవి 60, జరిగినవి 30 అయితే స్కోరు మీ దగ్గర ముప్పును రెండింతలు చేసి చూపిస్తోందన్నమాట. మొత్తం మీద సరిపోయినా, తక్కువ ముప్పు వర్గంలో ఎక్కువ మంది, ఎక్కువ ముప్పు వర్గంలో తక్కువ మంది మరణిస్తూ ఉండవచ్చు కాబట్టి వర్గాలవారీగా కూడా చూడాలి. కనీసం వంద మరణాలైనా లేని గుంపుతో స్కోరు మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పకూడదని గణాంక నిపుణులు సూచిస్తారు. వేరే ఆస్పత్రికి పంపిన రోగుల సంగతి తేల్చకుండా వదిలేస్తే ఈ లెక్క మొత్తం తప్పుతుంది, ఎందుకంటే పంపేది సాధారణంగా బాగా విషమించినవారినే.

స్కోరు చూడనివి

డి-డైమర్, లింఫోసైట్ల సంఖ్య, ఎల్‌డీహెచ్, ఫెరిటిన్, ట్రోపోనిన్ వంటి రక్త పరీక్షలు ముప్పుతో ముడిపడినవే. ఊహాన్‌లో చేరిన 191 మందిపై 2020 మార్చిలో ప్రచురితమైన పరిశీలనలో ఎక్కువ వయసు, అవయవాల వైఫల్యాన్ని కొలిచే సోఫా స్కోరు ఎక్కువగా ఉండటం, డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటడం మరణంతో ముడిపడి కనిపించాయి. అయినా వీటిని 4సీ స్కోరుకు మన ఇష్టం వచ్చినట్టు పాయింట్లు వేసి కలపకూడదు. ఇవి చాలావరకు ఇప్పటికే స్కోరులో ఉన్న సమాచారాన్నే మరో రూపంలో చెబుతాయి కాబట్టి ఒకే ముప్పును రెండుసార్లు లెక్కించినట్టవుతుంది. ట్రోపోనిన్ పెరిగితే గుండెను పరీక్షించాలి, డి-డైమర్ బాగా పెరిగితే రక్తపు గడ్డల గురించి ఆలోచించాలి. ఆ పరీక్షల ఉపయోగం అక్కడ ఉంది.

వృద్ధుల విషయంలో మాత్రం స్కోరు చూడని ఒక ముఖ్యమైన సంగతిని తప్పక కలిపి ఆలోచించాలి. జబ్బు పడటానికి రెండు వారాల ముందు ఆ మనిషి ఎలా ఉండేవాడు, తన పనులు తాను చేసుకునేవాడా, బయట తిరిగేవాడా, స్నానానికి కూడా సాయం కావలసి వచ్చేదా అన్నది. తొమ్మిది అంచెల క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలు అడిగేది ఇదే. 82 ఏళ్ల వయసులో రోజూ పొలం పని చేసే మనిషికీ, ఏడాదిగా మంచం పట్టిన మనిషికీ వయసుకు వచ్చే పాయింట్లు ఒకటే, కానీ తట్టుకునే శక్తి ఒకటి కాదు.

రోజులు గడిచేకొద్దీ

ఈ వ్యాధిలో చాలామంది లక్షణాలు మొదలైన రెండో వారంలో దిగజారుతారు. కాబట్టి మూడో రోజున చేరిన రోగికి వచ్చిన తక్కువ స్కోరుకూ, పదో రోజున చేరిన రోగికి వచ్చిన తక్కువ స్కోరుకూ ఒకే అర్థం ఇవ్వను. మొదటివాడికి గండం ఇంకా ముందుంది. అందుకే లక్షణాలు మొదలైన తేదీని స్కోరు పక్కనే రాయాలి.

చేరిన తరువాత రోగిని అనుసరించడానికి వేరే కొలతలు కావాలి. హై ఫ్లో నాసల్ కాన్యులా (ముక్కు ద్వారా అధిక వేగంతో ఆక్సిజన్ ఇచ్చే గొట్టం) మీద ఉన్న రోగికి రాక్స్ సూచిక ఉపయోగపడుతుంది. ఆక్సిజన్ స్థాయిని, ఇస్తున్న ఆక్సిజన్ భాగంతో భాగించి, ఆ ఫలితాన్ని శ్వాసల సంఖ్యతో భాగించాలి. ఆక్సిజన్ స్థాయి 92, ఇస్తున్నది 60 శాతం, శ్వాసలు 30 అయితే 92ను 0.6తో, ఆపై 30తో భాగించగా 5.1 వస్తుంది. 4.88 లేదా ఆపైన ఉంటే వెంటిలేటర్ కోసం శ్వాసనాళంలో గొట్టం వేయాల్సిన అవసరం రాకపోయే అవకాశం ఎక్కువ. ఆరు గంటల తరువాత ఆక్సిజన్‌ను 70 శాతానికి పెంచినా స్థాయి 90కి పడి, శ్వాసలు 38కి చేరితే సూచిక 3.4కు దిగుతుంది. ఆరో గంటకు 3.47 కన్నా తక్కువ అన్నది ఆ చికిత్స విఫలమవుతున్న సంకేతం. ఈ సూచికను మొదట కోవిడ్‌కు ముందు న్యుమోనియా రోగుల్లో నిర్ధారించారన్న సంగతి, అది మరణాన్ని కాక గొట్టం అవసరాన్ని అంచనా వేస్తుందన్న సంగతి గుర్తుండాలి. ఒక్క కొలత కన్నా రెండు కొలతల మధ్య దిశ ఎక్కువ చెబుతుంది.

వాడకూడని చోట్లు

4సీ స్కోరు 18 ఏళ్లు దాటినవారి కోసం, కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారి కోసం తయారైంది. పిల్లలకు వాడకూడదు. కాలు విరిగి చేరి, పరీక్షలో పాజిటివ్ వచ్చినంతమాత్రాన ఆ రోగికీ వర్తించదు. ఇతర కరోనా వైరస్‌లకూ వర్తింపజేయకూడదు. 2003 నాటి సార్స్‌లో 8,098 కేసులకు 774 మంది మరణించారు. 2012లో మొదటిసారి గుర్తించిన మెర్స్‌లో నమోదైన కేసుల్లో మూడో వంతుకు మించి మరణించారు. మూల మరణాల రేటు ఇంత తేడాగా ఉన్నప్పుడు ఒక వ్యాధి శాతాలు ఇంకో వ్యాధికి పనికిరావు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కువ స్కోరు వచ్చిందని ఐసీయూ మంచాన్ని నిరాకరించడానికి ఈ అంకెను ఒంటరి సాక్ష్యంగా వాడటాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఇది న్యాయానికి సంబంధించిన అభ్యంతరం మాత్రమే కాదు, లెక్కకు సంబంధించినది కూడా. స్కోరు 16 ఉన్నవారికి వైద్యం తగ్గిస్తే వారు ఎక్కువగా మరణిస్తారు, ఆ మరణాలు రేపటి లెక్కలో చేరి 16 అంటే మరణమేనని నిరూపించినట్టు కనిపిస్తాయి. అంచనా తనను తానే నిజం చేసుకుంటుంది.

కంప్యూటర్ తయారుచేసే కొత్త నమూనాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. కోవిడ్ మొదటి ఏడాదిలో వందల సంఖ్యలో నమూనాలు వచ్చాయి, వాటిని పరిశీలించిన సమీక్షలు అత్యధిక భాగం పక్షపాత దోషాలతో ఉన్నాయని తేల్చాయి. ఏదైనా నమూనాను చూపిస్తే ముందు ఒక్క ప్రశ్న అడగండి: విలువలను ఏ రోజు తీసుకున్నారు? మరణానికి ముందు రోజు రక్త పరీక్షతో మరణాన్ని ఊహించే నమూనా చాలా గొప్పగా కనిపిస్తుంది కానీ చేరిన రోజున దానితో పని లేదు.

కుటుంబంతో మాట్లాడేటప్పుడు

శాతాలను చదవకండి, స్కోరు అంకెను అసలే చెప్పకండి. "ఇలాంటి పరిస్థితిలో చేరిన పదిమందిలో దాదాపు ముగ్గురు దక్కడం లేదు, ఏడుగురు కోలుకుంటున్నారు. మీ నాన్నగారు ఎటువైపు వెళతారో రాబోయే మూడు నాలుగు రోజుల్లో తెలుస్తుంది, రేపు సాయంత్రం మళ్లీ మాట్లాడతాను" అని రెండు వైపులా చెప్పాలి. ముగ్గురి మాట మాత్రమే చెబితే భయం, ఏడుగురి మాట మాత్రమే చెబితే తరువాత నమ్మకద్రోహం. చెప్పిన సమయానికి మళ్లీ వెళ్లి మాట్లాడటం మొదటి మాటంత ముఖ్యం.

కేస్ షీటులో స్కోరును ఒంటరి అంకెగా రాసి వదిలేయకూడదు. ఎనిమిది విలువలను, వాటి ప్రమాణాలను, కొలిచిన సమయాన్ని, లక్షణాలు మొదలైన తేదీని, ఆక్సిజన్ కొలిచినప్పుడు మాస్కు ఉందో లేదో, దొరకని విలువ ఏదో కలిపి రాయాలి. రాత్రి డ్యూటీకి వచ్చే వైద్యుడు 12 అనే అంకెను చూసి అది ఎక్కడి నుంచి వచ్చిందో రెండు నిమిషాల్లో తిరిగి లెక్కించుకోగలిగేలా ఉండాలి.